ఇరవై ఎనిమిదో గడి

మూడు నెలలుగా ఒక్క వాక్యం కోసం కూర్చుంటున్నాం
ఉపాధ్యాయ శిక్షణ విభాగంలో పదకొండు మందిమి.
మేమెందుకున్నామో గోడ మీద
బంగారు రంగులో రాయాలట.
అధ్యక్షుడు మొఖెతీ గారికి 'సమగ్ర' అన్న మాట ప్రాణం.
'సృజనాత్మక' నాది, సిగ్గుపడుతూనే ఒప్పుకుంటాను.
రెండింటి నడుమ కామా ఉండాలా వద్దా అని
టీ చల్లారి మీగడ కట్టేదాకా వాదించుకున్నాం.

వాక్యం తేలకముందే ఆగస్టు వచ్చింది.
శిక్షణ పాఠాలు చూసి రమ్మని నన్ను కొండలెక్కించారు.
మసేరు నుంచి పగలంతా బస్సు,
బస్సుకి ధైర్యం చాలని చోట
ఒక ముసలి గుర్రం.
సంచిలో ఫారాలు,
ఒక్కో ఫారానికి ఇరవై ఏడు గడులు.

రాతిగోడల బడి. రేకుల మీద మంచు.
ఖొపోత్సో భిన్నాలు చెబుతోంది,
చేతులు వణికేది చలికో నాకో తెలీదు.
పుస్తకంలో పిజ్జా బొమ్మ ఉంది.
అరవై మూడు మందిలో దాన్ని తిన్నవాళ్లు లేరు.
పుస్తకం మూసేసి
తన మధ్యాహ్నం రొట్టె బల్ల మీద పెట్టి
ఎనిమిది ముక్కలు కోసింది.
నేను పంతొమ్మిదో గడిలో టిక్కు పెట్టాను.
హాజరు: సంపూర్ణం.

ఏడు ముక్కలు ఏడు వరసలకి వెళ్లాయి.
"ఇది ఎవరిది?"
అందరి వేళ్లూ కిటికీ వైపు.

బయట బూడిదరంగు కంబళి, మోకాళ్లదాకా రబ్బరు బూట్లు,
చేతికర్ర, వెనకాల మంద.
సెకాకే. వాడి పేరు పట్టీలో లేదు.
లోపలికి రాడు, వస్తే గొర్రెలూ వస్తాయి.
"ఎన్ని ఉన్నాయి నీవి?" అడిగింది ఖొపోత్సో.
"తెలీదు."
"మరి ఒకటి తప్పిపోతే?"
వాడు ఆమెకేసి జాలిగా చూశాడు.
"లెక్కెందుకు, మే?
ఎవరు లేరో కనబడుతుందిగా."

పిల్లలు పడీపడీ నవ్వారు.
ఆమె నవ్వలేదు.
నేను టిక్కు మీద వేలు పెట్టి దాచుకున్నాను.

రొట్టె ముక్క కిటికీ దాటింది.
వాడు సగం తిని
సగం కుక్క ముందు పెట్టాడు.
"పదహారో వంతు!"
వెనకబెంచీ పిల్ల ఎగిరి లేచింది,
పాఠ్య ప్రణాళికలో ఎక్కడా లేని కేక అది.

తిరిగొచ్చి సమావేశంలో అన్నాను:
ఎవరు లేరో కనబడే కళ్లు ఇద్దాం,
మన పని అంతే.
"దీన్ని కొలిచేదెలా?" అన్నారు మొఖెతీ గారు.
పదకొండేళ్లు వచ్చేదాకా ఆయనా గొర్రెలు కాసినవారే.
కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.
తరవాత కామాకి ఓటేశారు.

ఇప్పుడు గోడ మీద రెండు మాటలూ మెరుస్తున్నాయి.
వాన పడితే కింది అంచు ఉబ్బుతుంది.

నేను మాత్రం స్కేలు పెట్టి, పెన్సిలుతో,
ప్రతి ఫారం అడుగునా ఒక గడి గీస్తున్నాను:
ఈ గదిలో ఎవరు లేరు?
దానికెన్ని మార్కులని అడుగుతారు విద్యార్థులు.
ఏమో అంటాను. నిజంగానే తెలీదు.

నవంబరులో ఖొపోత్సో ఫారం వచ్చింది.
గడి చాలక వెనక్కి తిప్పి రాసింది:
"మంద దొడ్డికి చేరాక దీపం పెట్టి చెబుతున్నాను.
ఏడుగురు వస్తున్నారు.
ఎనిమిదోవాడు కొండ అవతల ఉన్నాడట, వెతుకుతున్నాను.
కుక్క మాత్రం రోజూ హాజరు."