ఏడంగుళాల తోట

ఇరవై రెండేండ్లు రిగ్గు బండి మీద
పైపులు కిందికి దింపినోణ్ని.
ఒకదాన్ని నిలబెట్టి
తలెత్తి చూడడం ఇదే మొదలు.

నీరుగంటి వీధిలో, మిద్దె మీద రేకుల గది మాది.
వీధి పేరులో నీళ్లుండాయి గాని
కొళాయి నాలుగు దినాలకోసారి దగ్గుతుంది.
మెట్ల పక్కన మూడడుగుల జాగా.
ఇంటాయన తిప్పేస్వామిని అడిగితే
"మిద్దె ఉరవకుంటే సరి" అన్నాడు.

పైపు కూడేరు దిక్కున మిగిలింది.
ఎనిమిదినూర్ల అడుగులు దిగినా
పొడి తప్ప ఏమీ కక్కని బోరు అది.
వన్నూరప్ప గట్టు మీద కూర్చుని
ఆ దుమ్ము గుప్పిట పట్టి వాసన చూసినాడు.
"కూలి తక్కువ పడింది, ఈ ముక్క తీసకపో" అన్నాడు.
మూడేండ్లు అది మంచం కింద పడుండింది.
నా మోకాలు పోయినాక
ఇంట్లో ఊరికే పడుండేవి రెండయినాయి.

భ్రమర తొమ్మిదో తరగతి.
నోటుబుక్కు వెనకట్ట మీద బొమ్మ గీసింది:
నిట్టనిలువు పైపు, దానికి నోళ్లు,
నోటికొక మొక్క, కింద బకెట్టు.
"మన్ను యాడ పాపా?" అంటే
"మన్ను లేదు నాయనా, అదే కత" అనింది.
మన్ను లేని పైరంటే నవ్వొచ్చింది.
రాత్రి పండుకున్నాక ఎందుకో భయమేసింది.

ఆక్సా బ్లేడుతో అరచేతి వెడల్పు కోతలు.
కోసినచోట పొయ్యి సెగ చూపిస్తే
అంత గట్టి పైపూ రొట్టెపిండి మాదిరి లొంగింది;
సీసా మూతి దూర్చి వంచితే
అలిగిన పిల్ల కింది పెదవయింది.
పద్దెనిమిది పెదవులు.
మూడు పగిలితే ఎంసీలు పెట్టినా.

పెయింటు బకెట్టు మాబున్నీ ఇచ్చింది.
మోటరు పాత కూలరుది, నూటయాభై.
లోపల నీళ్లెక్కే గొట్టం డ్రిప్పు పైపు ముక్క,
చీనీచెట్లు కొట్టేసిన తోటోళ్లు
రోడ్డు పక్కన పారేసింది.
పెరుగు కప్పులకు కాల్చిన మేకుతో బొక్కలు,
వాటిల్లో టెంకాయ పీచు,
నీళ్లల్లో చెంచా కొలతన ఎరువు పొడి.
అంతా కలిపి ఆరునూర్ల నలభై.
నాగరత్తమ్మ రెండుసార్లు కూడి చూసి
"బీడీలు రాసుకోలేదే" అనింది.

మొదటి కాపు చచ్చిపోయింది.
ఉన్నదున్నట్టు చెప్పల్ల గదా.
బకెట్లోకి ఎండ దూరి నీళ్లు పాచి పట్టినాయి,
ఒక మధ్యాన్నం కరెంటు పోయి రాలేదు,
వేర్లు పాత చింతపండు పీచులై నల్లబడినాయి.
రెండు దినాలు ఇంట్లో ఎవరూ ఆ మాటే ఎత్తలేదు.

మూడోనాడు భ్రమరే
ట్యూషనోళ్ల ర్యాంకుల ఫ్లెక్సీ ఒకటి తెచ్చి
తెల్ల పక్క ఎండకు పెట్టి బకెట్టుకు చుట్టింది.
పైన తడి గోనెసంచి.
ర్యాంకులొచ్చిన పిల్లోళ్లంతా
ఇప్పుడు చీకట్లో నీళ్లకు మొగం పెట్టి ఉండారు.

పదకొండు నోళ్లలో పాలకూర,
అయిదింట్లో పుదీన.
అడుగున రెండూ ఏంటికో మూగవి.
వారానికి రెండు బిందెలు చాలు;
పోసిన నీళ్లే ఎక్కుతాయి,
ఎక్కిన నీళ్లే దిగుతాయి.
రిగ్గు మీద చెవి పెట్టి వినేవాణ్ని,
నీళ్లు తగిలే ముందు డ్రిల్లు గొంతు మారుతుందని.
శానా ఊర్లలో మారలేదు.
ఇప్పుడు నిద్ర పట్టకపోతే
లేచొచ్చి పైపుకు చెవి పెడతా.

మొన్న బ్యాంకు పని మీద వన్నూరప్ప వచ్చినాడు.
పైపు మీద ఎర్రరంగుతో రాసిన
తన సర్వే నంబరు తానే చదువుకున్నాడు.
ఏమీ అనలేదు.
ఒక నోటి కింద చెయ్యి పెట్టి,
తడిసినాక,
వాసన చూసినాడు.

పోతాపోతా మెట్ల మీద నిలబడి
నాగరత్తమ్మతో అన్నాడు:
"ఆకు లేతది మే, ఉప్పు చూసి వెయ్యి."