కైకిలి లెక్క

మిరప తొడిమకు ఒక చప్పుడుంటది.
గోటితోని ఇరిస్తే, టిక్కు.
పొద్దు పొడిస్తే మొదలు, పొద్దుగూకేదాక టిక్కు టిక్కు.
తట్టకు ఇంత అని కైకిలి.
రాత్రి మజ్జిగల ముంచినా
వేళ్లకు ఆ మంట పోదు.
పాలు తాగే బిడ్డను ఆ ఏడు
మోచేతులతోనే ఎత్తుకున్న.

మిషను తెలివితోని చెయ్యలే నేను,
కోపంతోని చేసిన.
పాత కుట్టుమిషను కాళ్లు, సైకిలు చైను,
మా ఆయన ఆటో షెడ్డుల దాసుకున్న బేరింగు
(మూడొద్దులు మాట్లాడలే నాతోని).
రెండు రబ్బరు రోలర్లు,
ఒకటి ఇటు, ఒకటి అటు తిరిగితే
తొడిమ చిక్కాలె, కాయ మిగలాలె.

మొదటి దినం కాయే మిగల్లే.
గింజలు గోడలకు, ఘాటు కండ్లల్ల,
వాడంత దగ్గు.
రాజక్క తిట్టింది,
సగం తెలుగుల, సగం మరాఠీల.
మా సిరొంచల తిట్లకు సరిహద్దు లేదు.

ఓదెలు తాత వచ్చిండు.
బల్లార్షా కాగితం మిల్లుల ముప్పై ఏండ్ల ఫిట్టరు.
ముందు నా చేతులు చూసిండు, తర్వాత మిషను.
"రబ్బరు మొండిది బిడ్డా.
మిరపకాయను ముసలిదాని చెవి లెక్క పట్టాలె,
నొప్పి తెల్వకుంట కమ్మ తియ్యాలె."
తన హవాయి చెప్పులే కోసి రోలర్లకు చుట్టిండు.
ఉత్తకాళ్లతో ఇంటికి పోయిండు.
ఆ సాయంత్రం పదికి ఎనిమిది కాయలు
సక్కగ బయటికొచ్చినయ్.

వాసేకర్ తాయి మిషను దిక్కే చూడలే.
అహేరిల సహకార బ్యాంకు నుంచి రిటైరైంది,
కండ్లద్దాలకు దారం కట్టుకుంటది.
"లెక్కల బుక్కు తియ్యి" అన్నది.
తీసిన.
ఇనుము ఇరవై మూడు వందలు. వెల్డింగు ఆరు వందలు.
చైను, బోల్టులు, రంగు, ఆటో కిరాయి.
"మొత్తం నాలుగు వేల ఒక వంద తాయి.
నాలుగున్నర వేలకు అమ్ముత."
ఎర్ర పెన్ను కాగితం మీద ఒక ఖాళీ జాగల ఆగింది.
"తుఝీ మజురీ కుఠే?"
నీ కైకిలేది?
"పదకొండు దినాలు ఈ పని చేసిందెవలు, దయ్యమా?"

నాకు నోట మాట రాలే.
ఊరోళ్ల చేన్లల్ల
ఐదు రూపాయల కోసం మేస్త్రీ గల్లా పట్టినదాన్ని.
నా బుక్కుల
నేనే లేను.

ఆ రాత్రి కూసోని రాసిన.
నా పదకొండు దినాలు. తాత నాలుగు దినాలు.
తాత చెప్పులు, ఒక జత.
బేరింగు, మా ఆయనకు బాకీ.
లెక్క ఆరున్నర వేలు దాటింది.
ఎవలు కొంటరు అని భయమైంది,
రాసింది మాత్రం కొట్టెయ్యలే.

కొన్నరు.
వంతెన దాటి వచ్చి రెండు తీస్కపోయిన్రు,
ఒకటి చైను తెగి తిరిగొచ్చింది.
"తిరిగొచ్చిన మిషనే బడి" అన్నడు తాత,
దాని ముందట గొంతుక్కూసోని.
ఇప్పటికి తొమ్మిది అమ్మిన. ఒకాయన పైసలియ్యలే,
అడుగవోతే మొక్కజొన్న కంకులిచ్చి పంపిండు.

నిన్న రాజక్క వచ్చింది, తిట్టనీకి కాదు.
హ్యాండిలు నాలుగు చుట్లు తిప్పింది.
రాలుతున్న తొడిమలను చూసుకుంట నిలవడ్డది.
"మంచిగున్నది పోసక్కా.
సేట్లు ఇది కొంటే, తట్టలు నిండేది దీంతోనే గద.
మరి నా కైకిలి
ఏ బుక్కుల రాసినవ్?"

తాత దగ్గర అడిగితే
లేతు బందుపెట్టి, బీడీ వెలిగించి,
మాట దాటేసిండు.

ఐతారం తెల్లారగట్ల బస్సు.
సంచిల బుక్కు,
రాజక్క పేరు మీద ఒక కొత్త పేజీ,
కింద ఇంక అంకెలు వెయ్యలే.
పక్క సీట్ల రాజక్క,
కిటికీ ఊచలను పట్టుకోని నిద్రపోతున్నది.
ఆ వేళ్లు ఇంకా ఎర్రగనే ఉన్నయ్.