ఒక పక్కకి పొంగిన రొట్టె

మా దీవిలో పదకొండు కుటుంబాలు మిగిలాక
ప్రభుత్వం వారి కాగితం వచ్చింది.
ఇక బడి ఉండదు, డాక్టరు పడవ రాదు,
అఖాతం దాటి వెళ్లేవాళ్లకి తలకింత డబ్బు.
పాస్టరుగారు దాన్ని బల్ల ముందు నిలబడి చదివారు,
చావు కబురు చదివినట్టు,
కళ్లద్దాలు రెండుసార్లు తుడుచుకుని.

న్యూఫౌండ్లాండ్‌లో మావన్నీ చెక్క ఇళ్లు.
పునాది లేని ఇల్లు పడవలాంటిదే, అన్నాడు ఏంబ్రోజ్,
నా అల్లుడు, ఎవర్నీ ఎక్కువసేపు ఏడవనివ్వని మనిషి.
నేల కింద ముప్పై ఆరు ఖాళీ నూనె పీపాలు కట్టి
పోటు కోసం కాచుకున్నారు.
తాళ్లు లాగుతూ మగవాళ్లు పాడే పాటలో
ఆ రోజు బూతులు లేవు.

నేను దిగనన్నాను.
పొద్దున్నే పిండి కలిపాను, ఈస్టు వేశాను,
వదిలి వెళ్తే పులిసిపోతుంది.
"అత్తా, ఇల్లు మునిగితే?"
మునిగితే రొట్టె తడుస్తుంది, అన్నాను.
ధైర్యం కాదది, మొండితనం.
భక్తికి మొండితనం దగ్గరి చుట్టమని మా నాన్న అనేవాడు.

నాన్నే పెట్టాడు ఈ పేరు, కెజీయా.
యోబుకి అన్నీ పోయాక పుట్టిన కూతుళ్లలో నడిమిది.
చిన్నప్పుడు కోపం వచ్చేది,
అంత కథ అయిపోయాక పుట్టడమేమిటని.

ఇల్లు కదిలింది.
కిటికీలో గార్లండ్ సమాధి
మెల్లగా ఎడమ చట్రం దాకా జరిగి,
చట్రం వెనక్కి దూరి,
పోయింది.
ముప్పై ఏళ్లు ఆ కిటికీ దగ్గరే వలలు బాగుచేసిన మనిషి.
స్తోత్రం అందామని నోరు తెరిచాను.
రాలేదు.
అబద్ధమెందుకు, ఆ రోజంతా రాలేదు.
తుపానులో దోనె అమరాన తలగడ వేసుకుని నిద్రపోయినవాడు గుర్తొచ్చి
నీకు బాగానే ఉంది, అనుకున్నాను.
లేపలేదు.
అంత నిద్ర పట్టేవాడు ఈ పడవలోనే ఉన్నాడు కదా అని
పిండి మీద తడిగుడ్డ సరిచేశాను.
కాళ్ల కింద నేల ఊపిరి పీల్చింది, వదిలింది.
గిన్నెలో పిండీ అంతే.

ఒడ్డు చేరేసరికి చీకటి.
కొత్త చోట రాయి ఎగుడుదిగుడు,
ఇల్లు తూర్పుకి ఒరిగి కూర్చుంది.
గోళీ వదిలితే దొర్లుకుంటూ పోయి గోడకి కొడుతుంది,
మనవడికి అదే పండగ.
సొంత పడవ లేదు. ఫ్యాక్టరీలో గంటకింతని
ఎవరో పట్టిన చేపలకి నేను తలలు కోశాను.
చర్చిలో ఏ బెంచీ చూసినా ఎవరి తాతదో.
మూడు ఆదివారాలు తలుపు దగ్గరే నిలబడ్డాను.
నాలుగో ఆదివారం ట్రిఫీనా అనే పొట్టి మనిషి
ఏమీ అనకుండా కాస్త జరిగింది.
జరిగినంత మేర చెక్క ఇంకా వెచ్చగా ఉంది.
అక్కడ కూర్చున్నాక వచ్చింది
నీళ్ల మీద రాని మాట.
చిన్నగా, సగమే.

పదమూడేళ్లయింది.
బయటి గోడ మీద ఉప్పునీటి చార ఉంది, మోకాలెత్తున.
ఏంబ్రోజ్ ఏటా రంగు డబ్బా తెస్తాడు,
ఏటా నేను దాన్ని కట్టెల వెనక దాస్తాను.
ప్రభుత్వం వారి కాగితం
ఎనిమిది మడతలు పెట్టి బల్ల కోడు కింద దూర్చాను,
ఉపకారం చేస్తామన్నారు, చేస్తోంది.
పొయ్యి సమంగా ఉండదు కాబట్టి
నా రొట్టె ఎప్పుడూ ఒక పక్కకే పొంగుతుంది,
టోపీ ఓరగా పెట్టుకున్న కుర్రాడిలా.
మొదట్లో సిగ్గేసి గుడ్డ కప్పేదాన్ని.
ఇప్పుడు ఆ ఎత్తు పక్కే ముందు కోస్తాను,
తలుపు తట్టినవాళ్లకి.

నిన్న ఒక పిల్ల వచ్చింది, భర్త పోయి నెల కాలేదు.
గోడకేసి చూసింది, నేలకేసి చూసింది.
"ఇంత ఎత్తు ఎలా పొంగించావు పిన్నీ?"
నేను పొంగించలేదమ్మా,
ఒరిగిన చోటే పొయ్యి వెలిగించాను.
వెన్న రాసుకో,
చల్లారిపోతోంది.