శుక్రవారం ధర

పదివేల దారులు గీసింది ప్రోగ్రాం,
ఒక్క షేరుకు పదివేల జాతకాలు.
సగటు కుదిరింది, ఊగిసలాటా కుదిరింది
మూడో దశాంశం దాకా.
పాస్ అని రాయబోతూ ఆగాను.
నా ఉత్తుత్తి ధర
శుక్రవారం కూడా కదులుతోంది.

కువైట్‌లో శుక్రవారం బజారు మూత.
ఆ పూట బోర్సా మెట్ల మీద
పావురాలు తప్ప ఏవీ లేవవు, వాలవు.
శని ఆదివారాలు సెలవుండే చోటెక్కడో
రాసిన కోడు ఇది.
మా ఆదివారం దానికి నిద్ర;
ఇక్కడేమో రెండ్రోజుల కబుర్లన్నీ
గంట కొట్టగానే ఒక్కసారి మీద పడతాయి.

ఫర్వానియా గదిలో ఓబులేసుకు చెప్పాను.
ఏసీలు బాగుచేసే మనిషి, నవ్వాడు:
"మీటర్లో అంకె బాగుంటే సరా?
లోపల పండుకున్నోనికి చెమట పోస్తాందా లేదా
చూడల్ల గదా."

క్యాలెండరు దిద్ది మళ్ళీ నడిపాను.
సగటు కదల్లేదు.
ఎడమ అంచున మాత్రం, పడిపోయిన ధరల వైపు,
సన్నగా ఓ తోక మొలిచింది.
అసలు రికార్డులోనూ అది అక్కడే, అంతే పొడుగు.
టేబుల్ చరిచి ఈల వేశాను,
ఆ తోక కొసన ఉన్న ఆదివారం
నా ఏడు నెలల ఓవర్‌టైం మింగిందేనని
గుర్తొచ్చేదాకా.