పదకొండో కాలం

చెన్నూరు దాటినంక తారు అయిపోయింది.
జీపు ఆగిన కాడ ఒక ఇనుప గొట్టం,
మోకాలెత్తు. పైన మూత, మూతకు వెల్డింగు,
వెల్డింగు పక్కన గీకిన నెంబరు.
కింద తొమ్మిది వందల మీటర్ల లోతుకు
సిమెంటు పోసి మూసిన గొంతు.
గ్యాసు దొరకలేదు.
దొరికింది గని, పెట్టుబడికి సరిపోయేంత
దొరకలేదని రిపోర్టుల ఉన్నది.

నా చేతిల ఫారం.
దించిన యంత్రాలెన్ని, ఎత్తుకపోయినవెన్ని,
మట్టి పరీక్ష, నీటి పరీక్ష, కంచె తీసిన తారీఖు.
పది కాలాలు వరంగల్ల ఆఫీసులనే నింపుకొచ్చిన.
పదకొండోది ఇక్కడ నిలబడి నింపాలె:
స్థలము పూర్వస్థితికి వచ్చినదా? అవును / కాదు.
అవునంటే
బ్యాంకుల ఆపిన డిపాజిట్టు
వడ్డీతోటి కంపెనీకి పోతది.
కాదంటే
ఎందుకు కాదో రాయనీకె
రెండు గీతల జాగ ఇచ్చిన్రు.

వాచ్‌మన్ రామటెంకి ఓదెలు
నేనొస్తున్ననని గొట్టం చుట్టూ ఊడ్చి పెట్టిండు.
మూడేండ్ల కింద కంపెనీ లేచిపోయింది,
ఇరవై నెలల కింద జీతం లేచిపోయింది,
ఈయన మెడల విజిలు మాత్రం అట్లనే ఉన్నది.
"ఇగ సాలు అని ఎవలూ అనలే మేడం" అన్నడు.

ఫైలు తిప్పిన.
పూర్వస్థితి అంటే ఏందో
అనుబంధంల ఉండాలని నియమం.
ఉన్నది. ఒక ఫోటో, ఒక మాట.
ఫోటోల అప్పటికే డోజరు నిలబడ్డది.
మాట: బంజరు.

చుట్టూ చూసిన.
డ్రిల్లింగు బురద గుంట ఎండి పెంకులు లేచింది.
ఒక పెంకు తీసి వాసన చూస్తే
ఆరిపోయిన కందిలి లెక్క.
పరిచిన కంకర పరిచినట్టే ఉన్నది,
సందుల్ల వయ్యారిభామ తప్ప ఏదీ లేవలే.
బంజరే.
కాయితం ప్రకారం
ఇంత ఖచ్చితంగ పూర్వస్థితికి తెచ్చిన కంపెనీ
ఈ జిల్లాల ఇంకోటి ఉండదు.

"ఈ జాగను ఏమంటరు?"
"ఇప్పలగడ్డ" అన్నడు ఓదెలు,
అది గూడ అడిగే ముచ్చటేనా అన్నట్టు.
ఇప్ప చెట్టు ఒక్కటి లేదు.
ఆయన భార్య బానక్క ముందుకొచ్చి
అగో ఆడ, ఈడ, గా జీపు కింద, అనుకుంట
వేలు చూపిచ్చుకుంటనే పోయింది.
పదిహేడు. ఒకటి ఎన్నడూ పూయకపోయేదట,
దానికి అత్త పేరు పెట్టుకున్నరు.
ఎండకాలం తెల్లారగట్ల ఏరితే రెండు గంపల పువ్వు,
ఎలుగుబంటి కంటె ముందు లేవాలె.
ఈ లెక్క రికార్డుకు ఎక్కలే.
రికార్డు రాసినాయన
ఎలుగుబంటి కంటె ముందు ఎన్నడు లేచిండని.

"పక్కింటోళ్ల గిన్నె తెచ్చుకుంటె
మల్ల ఉత్తది ఇస్తమా బిడ్డా?
ఇంత చింతపండో, నాలుగు మిరపకాయలో ఏసి ఇస్తం.
వీళ్లు గిన్నెకు బొక్క పెట్టి
బొక్కకు మాటేసి
ఇగ తీస్కోన్రి అంటున్నరు."

'కాదు' మీద టిక్కు పెట్టిన.
మొదటి గీతల, ఇప్ప చెట్లు పదిహేడు, అని రాసిన.
రెండో గీత కాడ పెన్ను ఆగింది.
పై ఆఫీసరు అడిగేది నాకు ఎరుకే: ఆధారం?
ఒక జాగ పేరు సారూ.
ఒక ముసలామె వేలు.

ఎండ నెత్తికెక్కింది.
బానక్క స్టీలు చెంబుల నీళ్లు తెచ్చింది.
ఏ బోరింగు నీళ్లో అడగబోయి, తాగిన.
చెంబు వాపసిచ్చిన, ఉత్తదే.
"పది కాలాలు సల్లగుండు బిడ్డా" అన్నది.
పది నింపే ఉన్న.

జీపు రివర్సు తీస్తుంటె
ఇరవై నెలల తర్వాత మొదటిసారి కావచ్చు
ఓదెలు విజిలు ఊదిండు, ఆగుమని,
చెయ్యి అడ్డం పెట్టి, గట్టిగ.
ఎడమ టైరు ఎన్కకు కంకరల
జానెడు పొడువు మోడు,
నడుమ గొడ్డలి గాట్లు నల్లబడ్డవి.

దిగిన.
కంకర చేతులతోటి పక్కకు తోసి
ఫోటో తీసిన, తారీఖు పడేటట్టు.