పండుకున్న గంటలు

అల్ ఖర్జ్ దాటి ముప్పై కిలోమీటర్లు.
రేకుల షెడ్లు, షెడ్ల కింద నీళ్ల పొగ,
పొగల నల్లమచ్చల ఆవులు.
అర్ధరాత్రి గూడ బయట ముప్పై ఎనిమిది.
ఏడో షెడ్డు నాది. రెండు వందల పన్నెండు ఆవులు.

ప్రతి మెడకు ఒక పట్టెడ.
గంట లేదు, మోగదు.
నెమరును నిమిషాలల్ల లెక్కగట్టి
ఆఫీసుల తెర మీద గీత గీస్తది.
కాలికి కట్టింది అడుగులు రాస్తది,
నిలబడుడు రాస్తది, పండుకునుడు రాస్తది.

డాక్టర్ హనాన్ కైరో మనిషి,
నాతోని సగం హిందీ, సగం అరబ్బీ.
"ఆవు దినాం పన్నెండు గంటలు పండుకోవాలె, రాజం.
ఏడో షెడ్డుల తొమ్మిదిన్నరే."
తొమ్మిదిన్నర నాకు మస్తు అనిపించింది.
అనలే.

ఫ్యాన్లు పెంచిండ్రు. జల్లు పెంచిండ్రు.
దాణా మార్చిండ్రు.
గీత లేవలే,
అలిగిన మనిషి లెక్క గోడ దిక్కు తిరిగింది.

తెర మీద వేలు పెట్టి చూపింది ఆమె:
రాత్రి రెండింటికి అన్నీ లేస్తున్నై.
అది మేత నెట్టే ట్రాక్టరు, తెలుసు.
తిని మళ్ల పండుకోవాలె గద?
నాలుగు దాక నిలబడే ఉంటున్నై.
ఎంతసేపో పట్టెడ చెప్పింది.
ఎందుకో అడిగితే పలకలే.

ఆ రాత్రి నేను
నలభైనాలుగు పదిహేడు పక్కన
ఖాళీ గడిల పండుకున్న.
ఇద్రీస్ నవ్విండు,
"కొత్త ఆవు వచ్చింది, దీనికీ పట్టెడ కట్టుండ్రి!"

ఇసుక పైకి మెత్తగనే ఉన్నది.
మోచేయి ఆనిస్తే తెలిసింది,
బెత్తెడు కింద సిమెంటు.

ట్రాక్టరు వచ్చింది, పోయింది.
పదిహేడు తిని వచ్చింది.
మూతి దించి ఇసుక వాసన చూసింది.
ముందు మోకాలు కొంచెం వంచింది,
ఏదో యాదికొచ్చినట్టు ఆగింది,
లేపింది.
మళ్ల వంచింది. లేపింది.
ఆరు వందల కిలోలు ఆ రెండు మోకాళ్ల మీదనే దిగాలె.
కాలి పట్టీ మాత్రం
'నిలబడ్డది' అని రాసుకున్నది.

పొద్దుగాల చెప్పిన.
"బెత్తెడంటే ఎంత?" అన్నది డాక్టర్.
నా అరచేయి టేపు మీద పెట్టి కొలిచింది. ఎనిమిది సెంటీమీటర్లు.
"ఎంత కావాలె?"
జానెడు చూపిన.
అదీ కొలిచి రాసుకున్నది.

మేనేజరు వారం దాక ఒప్పుకోలే.
చుట్టూ కన్ను పోయినంత ఇసుక,
అది పనికిరాదంట, సన్నది, గాలికి లేస్తది;
కడిగిన ఇసుకకు లారీకి ఇంతని బిల్లు.
హనాన్ నలభై రాత్రుల గీతలు
అతని బల్ల మీద పరిచింది,
పక్కన పాల లెక్క పెట్టింది.
పాల లెక్క చూసి సంతకం పెట్టిండు.

ఇప్పుడు పదకొండు గంటల నలభై నిమిషాలు.
పన్నెండు కాలే.
పదిహేడు ఇంకా వంగేముందు ఒకసారి ఆగుతది.
జానెడు ఇసుక వచ్చినా, మోకాలికి పాత లెక్కే.

"ఆ ఆగుడు ఏడ రాయాలె?" అని అడిగిన.
ఆమె కాగితం మీద కొత్త గడి గీసింది.
"పేరేం పెడ్దాం?"
నాకు హిందీల దొరకలే, అరబ్బీల దొరకలే.
ఎనకాముందాడుడు, అన్న.
రెండుసార్లు పలికించుకొని
కుడి నుంచి ఎడమకు రాసుకున్నది.

రాత్రిళ్లు ఆ గడి నేనే నింపుతున్న, పెన్సిలుతోని.
మొన్న పద్నాలుగు.
నిన్న పదకొండు.