పెద్ద ఎమ్

దౌగవ నది గడ్డకట్టి పదకొండు రోజులు.
వంటబల్ల మీద ఐవార్స్ ఆంప్లిఫైయర్
బోర్లా పడుకుని ఉంది, పొట్ట తెరుచుకుని.
పెళ్లి బృందంలో బేస్ గిటార్ అతనిది.
"కింది స్వరాలు మింగేస్తోంది వెల్తా,
ఎవరో గొంతు పట్టుకున్నట్టు" అని చెప్పి
బూట్ల మంచు నా గడప మీద వదిలి పోయాడు.

రీగా ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు రేడియోలు పరీక్షించినదాన్ని.
అప్పట్లో అనుమానమొస్తే టంకం కరిగించేవాళ్లం.
ఇప్పుడు ముందు తెరమీద గీసి చూడమంటుంది మేనకోడలు.
షాక్ కొట్టదట, వేలు కాలదట.

గీశాను.
ఇరవై హెర్ట్జ్ నుంచి ఇరవై వేల దాకా
దుప్పటి పరిచినట్టు రావాల్సిన గీత
ఎడమ మూల పాతాళంలో పుట్టి
కుడివైపు ఎక్కుతూనే పోయింది.
వెయ్యి హెర్ట్జ్ దగ్గర మైనస్ వంద డెసిబెల్స్!
దోమ కూడా అంతకంటే గట్టిగా బతుకుతుంది.

కాథోడ్ కెపాసిటర్ని తిట్టాను, పెంచాను. గీత కదల్లేదు.
ట్రాన్స్‌ఫార్మర్ చుట్లు మార్చాను. కదల్లేదు.
ట్యూబ్ మోడల్ రాసినవాడెవడో, వాడి లెక్కల్ని శంకించాను.
టీ చల్లారింది. రై రొట్టె అంచు కొరుకుతూ
పాత పద్ధతికే వచ్చాను: మొదటినుంచి, ముడి ముడికీ.

గ్రిడ్ దగ్గర ప్రాణం ఉంది.
ప్లేట్ దగ్గర అరవై రెట్లు ఉంది.
కెపాసిటర్ దాటాక
శవం.

అక్కడ నేలకి దిగే రెసిస్టర్ ఒక్కటే.
ఒకటి వేసి పక్కన పెద్ద ఎమ్ రాశాను,
నలభై ఏళ్లుగా రాస్తున్నట్టే.
ఈ యంత్రానికి పెద్దా చిన్నా తేడా లేదు,
ఎమ్ అంటే దానికి మిల్లీ.
పది లక్షల ఓములు రాస్తే
ఓములో వెయ్యోవంతు చదువుకుని
పాటనంతా తిన్నగా భూమిలో పోసింది.
గోరంతను కొండంత చేసే నోళ్లు చాలా చూశాను గాని
కొండంతను గోరంత చేసింది ఇదే మొదలు.

మెగ్ అని దిద్దాను.
గీత లేచి వచ్చి చదునుగా పడుకుంది.

చిత్రం, సంతోషం కలగలేదు.
ఇది కాగితం మీది ఆంప్లిఫైయర్, ఐవార్స్‌ది కాదు.
అసలుదాని గీతని పక్కనే పెన్సిల్‌తో వేశాను,
మీటరు చూస్తూ, చుక్క చుక్కగా.
నూట యాభై కింద భుజం జారింది.
రెండు గీతల మధ్య వెలితిలోనే ఎక్కడో
ఎండిపోయిన కెపాసిటర్ ఒకటి కూర్చుని ఉంటుంది.
రేపు చూస్తాను.

ఆఖరి ట్రామ్ వెళ్లింది.
బల్ల వణికింది, మొదటి ట్రయోడ్
స్పీకర్లో సన్నగా గంట కొట్టింది.
తెరమీది గీత మాత్రం
ఈ ఊళ్లో ట్రామ్‌లున్న సంగతే ఎరగదు.